ఎడమవైపు సౌండు

"ముందు స్క్రూలు చూడాలమ్మా. మొహం తర్వాత," అంటూ మైకాయన లాప్‌టాప్‌ను బోర్లా తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

మైకాయన అంటే ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. సభ జరిగినా, పెళ్ళి జరిగినా, బడిలో పిల్లలు పాటలు పాడినా మైకులూ స్పీకరు పెట్టెలూ ఆయనవే వెళ్ళాలి. అసలు పేరు ఒకటుంది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. కొత్త సామాను కొనడం వాళ్ళ ఇంటా వంటా లేదు. యాంప్లిఫయర్ల దగ్గర్నుంచి ఇంట్లో తిరిగే ఫ్యాను దాకా అన్నీ ఇంకొకరి చేతుల్లో నలిగి వచ్చినవే. అందుకని పాత సామాను కొనడంలో తనని మించినవాడు లేడని ఆయనకో గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధం కూడా పెద్దగా లేదు.

కూతురు పక్కనే నిలబడి చూస్తోంది. లాప్‌టాప్ ఆమె కోసమే. డాక్టర్లు రోగులతో మాట్లాడిన రికార్డింగులు విని, పొల్లుపోకుండా టైపు చేసి పంపడం ఆమె ఉద్యోగం. ఇంట్లో కూర్చునే చేస్తుంది. ఉన్న లాప్‌టాప్ మొన్న ఉన్నట్టుండి కన్నుమూసింది. లోపల బోర్డు మాడిపోయిందనీ, దాని మీద ఆశ వదులుకోమనీ రిపేరు చేసేవాడు చెప్పేశాడు. సోమవారం పొద్దున ఆమె కొత్త పని అందుకోవాలి. అప్పటికి చేతిలో యంత్రం లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకే శుక్రవారం సాయంత్రం తండ్రీ కూతుళ్ళిద్దరూ ఈ షాపుకొచ్చారు.

షాపంటే ఒక మేడమెట్ల కింద ఉన్న ఇరుకు గది. గోడల పొడుగునా అరల్లో పాత లాప్‌టాప్‌లు. వాటిని తెచ్చి, విప్పి, దులిపి, బాగుచేసి అమ్ముతున్నది నలభై దాటిన ఒకావిడ. బేరం జరుగుతున్నా ఆవిడ చేతులు ఊరుకోవడం లేదు. పాత టూత్‌బ్రష్షుతో ఏదో కీబోర్డు సందుల్లో దుమ్ము దులుపుతూనే ఉంది. బల్ల మీద సబ్బుపెట్టె మూత నిండా చీమతలకాయలంత స్క్రూలు.

"స్క్రూల్లో ఏం కనబడుతుంది అన్నయ్యగారూ?" అని అడిగింది షాపావిడ.

"తలలు అరిగాయో లేదో చూస్తానమ్మా. అరిగాయంటే పదిమంది విప్పారన్నమాట. ఎందుకు విప్పారో అమ్మేవాళ్ళు చెప్పరు. స్క్రూ చెబుతుంది."

"నేనే చెబుతాగా, దాన్నెందుకు శ్రమ పెడతారు? ఒకసారి దుమ్ము దులపడానికి విప్పాను, ఇంకోసారి ఫ్యాను మార్చడానికి. బ్యాటరీ మాత్రం మార్చలేదు, పాతదే. ఛార్జరు తీసేస్తే ఎక్కువసేపు రాదు. దానికి ఒప్పుకుంటేనే తీసుకోండి. తర్వాత వచ్చి నన్నంటే నేను పడను."

మైకాయన కూతురి వంక చూసి కనుబొమలు ఎగరేశాడు. అడక్కుండానే లోపం చెప్పే షాపులు ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా చూడలేదు. అయినా పరీక్ష పరీక్షే. మూత ఒంటివేలితో ఎత్తి సగంలో వదిలేసి, అక్కడే నిలబడుతుందా, నిద్రొచ్చిన పిల్లాడి తలలా వాలిపోతుందా చూశాడు. తెరంతా తెల్లగా పెట్టించి, వెలుతురు పడకుండా అరచెయ్యి అడ్డుపెట్టి, నల్లచుక్క కోసం మూలమూలా వెతికాడు. అడుగున అంటించిన నంబరునూ, లోపల కనబడే నంబరునూ కూతురి చేత పైకి చదివించి పోల్చుకున్నాడు.

"కలవకపోతే ఏమవుతుంది నాన్నా?"

"ఒకదాని తల ఇంకొకదాని మొండేనికి అతికించారని అర్థం. పైన పటారం, లోన లొటారం."

కీబోర్డు మీద మీటలన్నీ వరసగా నొక్కించాడు. ఛార్జరు పీకేసి ఆరిపోతుందేమో చూశాడు, ఆరిపోలేదు. కెమెరాలో తన మొహం తనే చూసుకుని, "ఇది మాత్రం యంత్రం తప్పు కాదులే," అనుకున్నాడు. పాత యజమాని పాస్‌వర్డు తాళాలేమైనా లోపల మిగిలాయా అని ఆరా తీశాడు. అన్నీ తుడిచేశాననీ, అమ్మాయి తన పేరుతోనే తెరుచుకోవచ్చనీ షాపావిడ తెరిచి చూపించింది. చివరికి అడుగున చెయ్యి పెట్టి, పిల్లకి జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు.

పక్కన ఇంకో లాప్‌టాప్ చూసుకుంటున్న పాటల టీచరు ఫక్కున నవ్వింది. ఆ పేట బడిలో పిల్లలకి పాటలు నేర్పే టీచరావిడ. ఆదివారం బడి హాల్లో పిల్లల కార్యక్రమం ఉంది, దానికి మైకు ఈయనదే. "బాబాయిగారూ, మీది అయ్యాక నాదీ కాస్త చూసిపెట్టండి. ఎదుటివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి మీరు. మీరు సరేనంటే నేను కళ్ళు మూసుకుని తీసుకుంటా."

"అలాగేనమ్మా. ఇక్కడ ఇక మిగిలింది సౌండొక్కటే. అది మనకి మంచినీళ్ళు తాగినంత పని," అన్నాడు మైకాయన.

కూతురు సంచిలోంచి తన హెడ్‌ఫోన్స్ తీసి ఇచ్చింది. పెన్‌డ్రైవులో శిక్షణ రోజుల నాటి నమూనా రికార్డింగు ఒకటి తెచ్చుకుంది. అందులో డాక్టరు గొంతు ఎడమ చెవిలో, రోగి గొంతు కుడి చెవిలో వినిపిస్తాయి. ఇద్దరూ ఒక్కసారే మాట్లాడినా ఎవరేమన్నారో తెలియడానికి అలా విడదీసి పెడతారు. ఒకవైపు రాకపోతే ఆమె పని సగం గంగలో కలిసినట్టే.

మైకాయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. సౌండు వినేటప్పుడు కళ్ళు మూసుకోవడం ఆయన అలవాటు. కాసేపటికి నుదుటి మీద గీతలు పడ్డాయి.

"ఎవరీ ముసలాయన? అవునండీ, లేదండీ, మెట్లెక్కితేనేనండీ అంటాడు. ఎవరితో అంటున్నట్టు? అవతల మనిషే లేడే!"

"డాక్టరుగారు అడుగుతున్నారు కదా నాన్నా, ఎడమవైపు."

"ఎడమవైపు చచ్చిందమ్మా. చీమ చిటుక్కుమనడం లేదు."

షాపావిడ బ్రష్షు పక్కన పెట్టింది. హెడ్‌ఫోన్స్ తీసుకుని తను పెట్టుకుంది. "రెండూ గంట కొట్టినట్టు వస్తున్నాయండీ. 'నొప్పి ఎప్పటినుంచి' అని డాక్టరు అడుగుతున్నాడు, ఆయన చెబుతున్నాడు."

"మీకు వస్తాయమ్మా. అమ్మేవాళ్ళకి అన్నీ వస్తాయి."

"అదేం మాటండీ? బ్యాటరీ సంగతి అడక్కుండానే చెప్పినదాన్ని, ఇది దాచుకుంటానా?"

"నా బతుకంతా సౌండులోనే గడిచిందమ్మా. నాకు మీరు చెప్పనక్కర్లేదు."

"వస్తున్నదాన్ని రావట్లేదంటే ఇంకేం చెప్పను? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో!"

అందరూ అనే సామెతే. ఆవిడ కూడా ఆ విసుగులో అలాగే అంది. కానీ మైకాయన ఎవరో చెంప మీద కొట్టినట్టు అదిరిపడ్డాడు. హెడ్‌ఫోన్స్ ఆవిడ చేతిలోంచి లాక్కుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక క్షణం విన్నాడు. తీసి, కుడిది ఎడమకీ ఎడమది కుడికీ తిప్పి పెట్టుకున్నాడు.

ఎందుకు తిప్పాడో కూతురికి తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో విన్న సూత్రమే అది. రెండు స్పీకరు పెట్టెల్లో ఒకటి పలకకపోతే వైర్లు అటుదిటు మార్చాలి. మూగతనం రెండో పెట్టెకి మారితే లోపం వచ్చే దారిలో ఉంది. మారకుండా అక్కడే కూర్చుంటే లోపం ఆ పెట్టెలోనే ఉంది. ఆయన పెదవులు మెల్లగా కదిలాయి. "నొప్పి... ఎప్పటినుంచి..." అని అవి తమలో తాము అనుకోవడం ఆమెకి కనబడింది. డాక్టరు ప్రశ్న. ఇప్పుడు అది ఆయనకి వినబడుతోంది.

సరే, బాగానే ఉందమ్మా అంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన కళ్ళు తెరిచాడు. ఎవరినీ చూడకుండా వైరు పట్టుకుని లాప్‌టాప్‌లోంచి ఒక్క గుంజు గుంజాడు.

"జాక్ పాడైంది. ఇలాంటివి జనానికి అంటగట్టడాన్ని మోసం అంటారు. పద."

కూతురి చేతిలోకి హెడ్‌ఫోన్స్ వచ్చిపడ్డాయి. తను పెట్టుకుని చూడొచ్చు. పెట్టుకుంటే నలుగురిలో తండ్రిని నమ్మనట్టు, పెట్టుకోకపోతే షాపావిడని నమ్మనట్టు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆమె ఇటూ అటూ అయి, చివరికి ఏమీ చెయ్యకుండా వాటిని సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే, పాటల టీచరు తను చూస్తున్న లాప్‌టాప్ మూత నెమ్మదిగా మూసి బల్ల మీద పెట్టేస్తోంది. మైకాయన చెవి చెప్పాక ఇంక వేరే మాటేముంది!

*

ఇంటికొచ్చాక ఆయన ముందుగదిలో తెగిన మైకు వైరొకటి పెట్టుక్కూర్చున్నాడు. ఆ వైరు నెల్లాళ్ళుగా అక్కడే ఉంది, దానికి ఇవాళే ముహూర్తం దొరికింది. లోపలి గదిలో తల్లి బట్టలు మడతపెడుతోంది. కూతురు ఎదురుగా కూర్చుని ఒక చొక్కా అందుకుంది.

"అమ్మా, నాన్నకి ఎడమ చెవి వినబడదా?"

తల్లి మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, అరచేత్తో సర్దింది. "భోజనాల దగ్గర నేనెప్పుడూ ఆయన కుడిపక్కనే ఎందుక్కూర్చుంటానో ఎప్పుడైనా అడిగావా?"

"నీకు తెలుసా!"

"కట్టుకున్నదానికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుందే? వీధిలో ఎవరైనా అటువైపు నుంచి పిలిస్తే, 'ఏమండీ, పిలుస్తున్నారు' అంటాను. చుట్టాలొస్తే ఆయన ఆ చివరి కుర్చీలో కూర్చునేలా చూస్తాను, ఎడమపక్క గోడ వచ్చేట్టు. పాపం, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియదనుకుంటారు."

"మరి అడగొచ్చుగా? డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొచ్చుగా?"

"ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఆ మనిషికి ఆస్తా, చదువా? మైకాయన చెవి అంటే చెవి అని పదిమంది అనుకోవడం ఒక్కటే. అది లేదని నా నోటితో ఎలా అనను? ఆయనంతట ఆయన చెప్పేదాకా తెలియనట్టే ఉందాం అనుకున్నా." తల్లి ఇంకో చీర తీసి దులిపింది, అవసరం లేకపోయినా.

కూతురికి తండ్రి మీద జాలి పొంగుకొచ్చింది. దానితో పాటే మింగుడుపడనిది ఒకటి మిగిలింది. "ఆ షాపావిడని మోసం చేస్తున్నావన్నాడమ్మా. టీచరుగారి ముందర. హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకున్నాడు. లోపం ఎక్కడుందో తెలిసిపోయింది. తెలిసే అన్నాడు."

మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి. భర్తకి సంబంధించి తనకి తెలియనిది ఒకటుంటుందని ఆవిడ అనుకోలేదు.

"తెలిసే అన్నారా?"

"తెలిసే."

తల్లి ముందుగది వైపు చూసింది. అక్కడ ఆయన టంకం పెట్టిన చోట ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటున్నాడు.

"అయితే అది మాత్రం తప్పే," అంది నెమ్మదిగా. "చెవి పోవడం తప్పు కాదు గానీ."

*

శనివారం పొద్దున కూతురు సంచి భుజాన వేసుకుని, "నేను ఆ షాపుకెళ్ళొస్తా," అంది. గట్టిగానే అంది, ఆయన కుడివైపు నిలబడి.

మైకాయన చూస్తున్న పేపరు మడిచాడు. ఎందుకని అడగలేదు. "ఉండు, చెప్పులేసుకుంటా," అన్నాడు.

వీధిలో కొంతదూరం ఇద్దరూ నడిచారు. అలవాటుగా ఆమె ఆయన ఎడమపక్క నడుస్తోంది. మలుపు దగ్గర, "ఎండగా ఉంది, గొడుగు తేవాల్సింది నాన్నా," అంది. ఆయన పలకలేదు. ఆమె వెనకనుంచి చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చి, మళ్ళీ అంది. ఆయన నడక ఆపేశాడు.

"మీ అమ్మ చెప్పిందా?"

"లేదు. నువ్వు హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకున్నప్పుడు తెలిసింది."

"నా విద్య నాకే అప్పచెప్పావన్నమాట." ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. "ముందు దోమ పాడినట్టు ఒక కూత ఉండేదమ్మా, రాత్రీ పగలూ. స్పీకరు పెట్టె పక్కనే కూర్చుంటానుగా ఎప్పుడూ, అది నా ఎడమ చెవి వైపే ఉంటుంది. అది మామూలే అనుకున్నా. తర్వాత ఆ కూతా పోయింది. హమ్మయ్య, తగ్గిందనుకున్నా. తీరా చూస్తే దానితో పాటు మిగతావన్నీ పోయాయి. పూర్తిగా పోలేదులే అని నన్ను నేనే నమ్మించుకుంటూ వచ్చా."

కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించడానికి ఆయన తన చెయ్యి ఎలా పట్టుకునేవాడో అలా, వేళ్ళు నాలుగూ కలిపి.

"నిన్న అక్కడ తెలిసిపోయిందనుకున్నానమ్మా, అందరికీ. ఆవిడ ఆ సామెత అనేసరికి, కనిపెట్టేసింది, టీచరు ముందు బయటపెట్టేస్తుంది అనిపించింది. నోటికొచ్చింది అనేశా. రాత్రంతా ఆవిడ మొహమే కళ్ళముందు. నాలుగు ముక్కలు బాగుచేసుకుని బతుకుతున్న మనిషి."

"నేనూ నోరు మూసుకుని వచ్చేశా నాన్నా."

"నువ్వేం చేస్తావు, నా కూతురివైపోయావు," అని లేచి చొక్కా దులుపుకున్నాడు.

షాపులో ఆవిడ ఒక్కతే ఉంది. వీళ్ళని చూడగానే మొహం గంటు పెట్టుకుని, టూత్‌బ్రష్షు అందుకుంది. మైకాయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, నీ లాప్‌టాప్ బాగానే ఉంది. జాక్కి ఏమీ కాలేదు. నా ఎడమ చెవి పోయింది. ఆ సంగతి నిన్న నీ షాపులోనే నాకు పూర్తిగా అర్థమైంది. అర్థమయ్యాక కూడా నిన్నే అన్నాను. తప్పయిపోయింది."

ఆవిడ బ్రష్షు బల్ల మీద పెట్టేసింది. ఉన్నట్టుండి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అయ్యో! నేను... శంఖం అన్నాను కదండీ మీతో!"

"అన్నదాంట్లో తప్పేముంది? సరైన మనిషినే అన్నావు," అన్నాడు మైకాయన.

ఆవిడకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. స్టూలు లాగి ఆయన్ని కూర్చోబెట్టింది. నిన్నటి లాప్‌టాప్ అరలోంచి తీసి కూతురి ముందు పెట్టింది. ఈసారి కూతురు ఎవరినీ అడక్కుండా తనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఎడమవైపు డాక్టరు ఓపిగ్గా అడుగుతున్నాడు. కుడివైపు ముసలాయన అంతకన్నా ఓపిగ్గా జవాబు చెబుతున్నాడు. ఒక్క మాట కూడా పోలేదు. ఆమె తలూపింది.

ఆవిడ ఛార్జరు చుట్టి సంచిలో పెడుతూ, తలెత్తకుండానే అంది. "అన్నయ్యగారూ, మీరు ఇంత దూరం వచ్చి చెప్పారు, నాకు చాలు. నా మనసులో ఏమీ లేదు. కానీ టీచరుగారు మళ్ళీ రాలేదు. పొద్దున ఇంకొకావిడ ఫోన్ చేసి, 'మీ దగ్గర సామాను అంత బాగుండదటగా' అంది. మీ మాటకి అంత విలువుంది మరి. నలుగురిలో అన్న మాట నాలుగు గోడల మధ్య వెనక్కి తీసుకుంటే రాదండీ."

మైకాయన చాలాసేపు సబ్బుపెట్టె మూతలో స్క్రూల వంక చూశాడు. టీచరుకి చెబితే బడికి తెలుస్తుంది. బడికి తెలిస్తే పేటకి తెలుస్తుంది. ఒంటి చెవి మైకాయనని ఎవరు పిలుస్తారు? కూతురికి ఆ లెక్కంతా ఆయన మొహంలో కనబడుతూనే ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ సంచి తనే మోస్తానని ఆయన పట్టుబట్టాడు.

*

ఆదివారం మధ్యాహ్నం బడి హాలు గోలగోలగా ఉంది. వేదిక మీద పిల్లలు వరసల్లో నిలబడాల్సింది పోయి ఒకరినొకరు తోసుకుంటున్నారు. తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు వచ్చి కుర్చీలు నింపేస్తున్నారు. మైకాయన వేదికకి ఒక పక్కగా తన మీటల పెట్టె ముందు కూర్చున్నాడు. మామూలుగా ఇలాంటి చోట్లకి కూతురు రాదు. ఇవాళ ఆయనే రమ్మన్నాడు.

టీచరు కనబడగానే ఆయన లేచాడు. "టీచరుగారూ, మీతో ఒక మాట..."

"ఒక్క నిమిషం బాబాయిగారూ, అక్కడ ఒక పిల్ల ఏడుస్తోంది!" అని ఆవిడ పరిగెత్తింది.

రెండోసారి ఆవిడ ఎడమపక్కనుంచి వచ్చి ఏదో చెప్పి వెళ్ళిపోయింది. ఆయనకి వినబడలేదు. కూతురు చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టాడు. హాలు నిండిపోయింది. మొదలుపెట్టే వేళయింది. ఇక ఇవాళ్టికి కుదరదులే అనుకుని ఊరుకోవడానికి ఎంత మంచి సాకో! కూతురికే అలా అనిపించింది. ఇంకా చెప్పాలంటే, అలా అయితే బాగుండునని కూడా అనిపించింది. పాడు సాకు, తండ్రి మీద ప్రేమ వేషం వేసుకుని వచ్చింది.

మైకాయన మైకు అందుకున్నాడు.

"హలో. హలో. హలో."

పేటలో పుట్టిన ప్రతి మాటనీ ఆ మైకు పదిమందికీ వినిపించింది. మంత్రులు మాట్లాడారు, పెళ్ళికొడుకులు మాట్లాడారు, రిటైరైపోతున్న గుమాస్తాలు ఏడ్చారు. మైకాయన మాత్రం అందులో హలో తప్ప సొంత మాట ఒక్కటీ ఎన్నడూ అనలేదు.

"హలో... టీచరుగారూ," అన్నాడాయన.

వేదిక మీద ఏడుపుపిల్ల ముక్కు తుడుస్తున్న టీచరు తిరిగి చూసింది. హాలు కాస్త సద్దుమణిగింది.

"మొన్న మేడమెట్ల కింద లాప్‌టాప్ షాపులో మీ ముందర ఒక మాటన్నాను. ఆవిడ పాడైన సామాను అమ్ముతోందని. అది అబద్ధం. సామాను బాగానే ఉంది. పాడైంది నా ఎడమ చెవి. చాలాకాలమైంది. ఎవరికీ చెప్పుకోలేక, ఆ తప్పు తీసుకెళ్ళి ఆవిడ మీద పెట్టాను. ఆవిడది నిజాయితీ ఉన్న చెయ్యి. ఇక్కడున్న అందరికీ చెబుతున్నాను."

ఆయన ఊపిరి పెట్టెల్లోంచి వినిపిస్తోంది.

"ఇంకో సంగతి. ఒంటి చెవి మనిషి సౌండు పెట్టడం మీకు ఇష్టం లేకపోతే చెప్పండి. సామాను ఇక్కడే ఉంచుతాను. ఎవరైనా కూర్చుని చూసుకోవచ్చు."

టీచరు ఏదో అంది. పెదవులు కదలడం కనబడింది అంతే. కూతురు నోరు తెరిచింది, ఆవిడ ఏమందో తనే అందిద్దామని. ఆయన ఆమె వంక చూడనే లేదు.

"వినబడలేదు టీచరుగారూ. కాస్త ఇటుపక్కకి వచ్చి చెప్పండి," అన్నాడు మైకులోనే.

ఎవరో చిన్నగా నవ్వారు, వెక్కిరింపు లేని నవ్వు. టీచరు ఏడుపుపిల్లని చంకనెత్తుకుని మెట్లు దిగి, పెట్టె చుట్టూ తిరిగి, ఆయన కుడిపక్కకి వచ్చి నిలబడింది.

"పిల్లలు ఆగేట్టు లేరు బాబాయిగారూ, మొదలుపెట్టమంటున్నాను. నేను మొన్న చూసిన లాప్‌టాప్ ఆవిడ ఇంకెవరికీ అమ్మేసి ఉండదు కదా?"

"అమ్మి ఉండదమ్మా. మంచిది, తీసుకో," అన్నాడాయన.

తర్వాత కూతుర్ని ఎడమవైపు స్పీకరు పెట్టె దగ్గరికి వెళ్ళి నిలబడమన్నాడు. పిల్లలు మొదటి పాట ఎత్తుకున్నారు. ఆయన మళ్ళీ మైకు తీసుకున్నాడు. పాట మధ్యలోంచి, హాలంతటికీ వినబడేట్టు అడిగాడు.

"ఎడమవైపు ఎలా ఉందమ్మా?"

పెట్టె ముందు నిలబడ్డ కూతురికి గుండెలదిరిపోతున్నాయి. ఇంత సౌండు! తన వెనక ఎడమవైపు వరసల్లో అందరూ కాస్త కుడికి ఒరిగి కూర్చున్నారు. ఒక తాతగారైతే ఏకంగా చెవిలో వేలు పెట్టుకున్నాడు. ఎంతకాలంగా ఇలా కూర్చుంటున్నారో వీళ్ళు!

"ఎక్కువైంది నాన్నా! బాగా తగ్గించు!" అని అరిచింది.

ఆయన ఎడమ మీట కిందికి లాగాడు. పాట మెత్తబడింది. పిల్లల గొంతులు విడివిడిగా వినబడ్డాయి. తాతగారు చెవిలోంచి వేలు తీసి, అటూ ఇటూ చూసి, నమ్మలేనట్టు పక్కాయనతో గట్టిగా అన్నాడు.

"ఇన్నాళ్ళూ నా చెవులే పాడయ్యాయనుకున్నానయ్యా! మైకాయన పెట్టాక తప్పెలా ఉంటుందని..."

ఎడమవైపు వరసలన్నీ ఒక్కసారిగా గొల్లుమన్నాయి. మైకాయనకి ఆ మాట వినబడలేదు గానీ, వాళ్ళ నవ్వు చూసి సంగతి అర్థమైంది. మొహమంతా ఎర్రబడింది. తర్వాత ఆయనా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. మీట మీద వేలు అలాగే ఉంచి, కూతురి వైపు తలెత్తి మళ్ళీ అడిగాడు.

"ఇప్పుడెలా ఉందమ్మా?"